ఫెలా కుటి తాతగారు పాస్టర్: 1922లో లండన్‌లో పాడిన 43 యొరుబా పాటలు

లక్కపళ్లెం

అందరికీ నమస్కారం. పాత గ్రామఫోను ప్లేట్లు పోగేసే అలవాటు నాది. ఎక్కువగా మన నాటకాల పద్యాలు, హరికథలు. మొన్న రాత్రి వేరే దేశాల రికార్డులు వింటూ ఒక పాట దగ్గర ఆగిపోయాను. ఒక ముసలాయన గొంతు, పక్కన పియానో. గరగర వెనకనుంచి వస్తున్నా గొంతులో వణుకు లేదు. భాష ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా నాలుగుసార్లు పెట్టుకుని విన్నాను.

ఆయన పేరు రెవరెండ్ జోసయా జెస్సీ రాన్సమ్-కుటి. నైజీరియాలోని అబెయొకుటా ఊరు. 1855లో పుట్టి 1930లో పోయారు. 1922లో లండన్ వెళ్లినప్పుడు గ్రామఫోన్ కంపెనీ వాళ్ల జోనోఫోన్ లేబుల్‌కి 43 పాటలు పాడారు. ఎక్కువగా అక్కడి యొరుబా భాషలో క్రైస్తవ గీతాలే. అప్పటికి వయసు 67 దరిదాపు.

మైకులు రాకముందు సంగతి ఇది. కరెంటు మైకుతో రికార్డు చేయడం 1925లో గానీ మొదలవలేదు. అప్పటిదాకా పాడేవాళ్లు ఒక పెద్ద బాకా మూతిలోకి పాడాలి. ఆ ఒత్తిడికే అవతల సూది కదిలి మైనపు పళ్లెం మీద గాడి గీస్తుంది. గొంతు తగ్గితే గాడిలో పాట సరిగా పడదు. తప్పు పాడితే దిద్దుకోవడం ఉండదు, కొత్త పళ్లెం పెట్టుకుని మొదటినుంచి పాడాల్సిందే. ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలకు మించదు. అలాంటి చోట ఒక పెద్దాయన 43 పాటలు పాడారంటే మామూలు ఓపిక కాదు.

ఈయన గురించి తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి. ముఖ్యంగా ఈ పాటల్ని అక్కడివాళ్లు ఎందుకు అంత గొప్పగా చెప్పుకుంటారో తెలుసుకోవాలని ఉంది.

ఆఫ్రోబీట్ అభిమాని

లక్కపళ్లెం గారూ, ఈ చర్చా దారం మొదలుపెట్టినందుకు చాలా థ్యాంక్స్. ఆఫ్రోబీట్ అనే సంగీతాన్ని పుట్టించిన ఫెలా కుటి ఈయన మనవడే. నేను ఇరవై ఏళ్లుగా వింటున్న మనిషి. 1938లో పుట్టాడు కాబట్టి తాతగారిని చూసే అవకాశమే లేదు. ఫెలా తండ్రి ఇజ్రాయెల్ కూడా చర్చి మనిషే, అబెయొకుటా గ్రామర్ స్కూల్‌కి హెడ్మాస్టరు. తల్లి ఫున్మిలాయో అబెయొకుటా ఆడవాళ్లను కూడగట్టి పన్నుల మీద పోరాడింది. ఆ పోరాటం ధాటికి 1949లో అక్కడి రాజే గద్దె దిగాల్సి వచ్చింది. ఇంకో సంగతి, నోబెల్ అందుకున్న రచయిత వోలే సొయింకా ఈ పాస్టర్ గారి ముని మనవడు. సొయింకా తల్లి ఆయన కూతురి కూతురు.

ఒక ఇంట్లోంచి ఇంతమంది ఎలా వచ్చారా అని వెతికితే మొదట తగిలే మనిషి ఈ పాటల పాస్టరే.

లేగోస్‌లో తెలుగోడు

నేను లేగోస్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను, మందుల కంపెనీలో పని. అబెయొకుటా మాకు కారులో రెండు మూడు గంటలు, ట్రాఫిక్ దయ. ఊరి పేరుకి అర్థం ‘బండ కింద’ అని. ఆ బండ పేరు ఒలుమో. 1830 ప్రాంతంలో యుద్ధాలకు చెదిరిపోయిన ఎగ్బా అనే యొరుబా తెగ జనం సోదెకె అనే నాయకుడి వెంట వచ్చి ఆ కొండ నీడన ఊరు కట్టుకున్నారు. 1840ల్లో ఇంగ్లాండు నుంచి చర్చ్ మిషనరీ సొసైటీ వాళ్లు వచ్చారు. వాళ్లతోపాటే శామ్యూల్ అజాయి క్రౌథర్ కూడా. చిన్నప్పుడు బానిసగా అమ్ముడుపోయి, ఓడలోంచి విడిపించబడి, తర్వాత ఆంగ్లికన్ బిషప్ అయిన మనిషి. యొరుబా బైబిల్ వెనక ఉన్నది ప్రధానంగా ఆయన చెయ్యే.

కుటి గారు ఆ మొదటి తరం క్రైస్తవుల ఇంట పుట్టారు. ఇంట అంటే సగం ఇంట. తల్లి విశ్వాసంలోకి వచ్చింది, తండ్రి లికోయె కుటి మాత్రం కొత్త మతానికి గట్టిగా ఎదురు నిలిచాడు. కొడుకు తల్లి దారిన వెళ్లాడు. లేగోస్‌లో మిషన్ వాళ్ల ట్రైనింగు, ఊళ్లో టీచరు పని, 1879లో లేగోస్ ఆడపిల్లల బడిలో సంగీతం మాస్టరు. అంటే పాస్టర్ కాకముందే ఆయన పాటల మాస్టరు. 1882లో బెర్తాతో పెళ్లి. తర్వాత సొంత ఊరు తిరిగొచ్చి గ్బగురా పేటలో ఉపదేశి పని. 1895లో డీకను, 1897లో గురువుగా అభిషేకం. తర్వాత ఆకె పేటలోని సెయింట్ పీటర్స్ చర్చికి పాస్టరు. నైజీరియాలో కట్టిన మొదటి చర్చి అదే. మధ్యలో కొన్నేళ్లు జిల్లా జడ్జిగా కూడా చేశారు. 1922లో లేగోస్ కెథీడ్రల్‌కి కానన్, అంటే గౌరవ గురువు, అయ్యారు.

కానీ జనం నోట్లో ఉన్న పేరు వేరు, ‘పాడే పాస్టరు’. ప్రసంగానికి జనం రాకపోతే పాట ఎత్తుకునేవారట. ఎగ్బా వాళ్ల జాతిగీతం కట్టింది కూడా ఆయనే అంటారు. తాము పుట్టి పెరిగిన కొండల్నీ మైదానాల్నీ తలుచుకునే పాట. అబెయొకుటాలో సభ ఏదైనా ఇప్పటికీ లేచి నిలబడి పాడతారు.

పాస్టర్‌గారబ్బాయి

ప్రసంగానికి ముందు పాట ఎత్తుకోవడం అనగానే మా నాన్న గుర్తొచ్చారు. పల్నాడు పల్లెల్లో సాయంత్రం సువార్తకి వెళితే ముందు డోలక్, తాళాలు. పొలం నుంచి వచ్చేవాళ్లు ఆగేది పాటకే. కూర్చునేది ఆ తర్వాత. చిన్నప్పుడు పెట్రోమాక్స్ లైటు నేనే పట్టుకునేవాణ్ని.

ఒక్క ప్రశ్న. ఆయనకు ముందు అక్కడి చర్చిలో పాటలు లేవా? మిషనరీలు ఎక్కడికెళ్లినా ముందు చేసే పని పాటల పుస్తకం అచ్చేయడమే కదా.

భాషాపిపాసి

పాస్టర్‌గారబ్బాయి గారు అడిగిన ప్రశ్నలోనే అసలు విషయం ఉంది. కాస్త వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

పాటలు ఉన్నాయి. ఇంగ్లిష్ హిమ్నుల్ని, అంటే చర్చి స్తుతి పాటల్ని, యొరుబాలోకి తర్జుమా చేసి, అదే ఇంగ్లిష్ ట్యూనులో పాడించేవారు. అక్కడే చిక్కు. యొరుబా మాటకు ప్రాణం స్థాయిలో, అంటే గొంతు ఎత్తు పల్లాల్లో, ఉంటుంది. కింది స్థాయి, మధ్య స్థాయి, పై స్థాయి, మూడు ఉన్నాయి. ‘ఒకొ’ అనే రెండక్షరాల మాటే తీసుకోండి. రెండూ మధ్యలో పలికితే భర్త. రెండోది పైకి లేపితే పార. రెండోది కిందికి దించితే పడవ, ఇప్పుడు బండిని కూడా అలాగే అంటారు. రెండూ కిందనే పలికితే ఈటె. ‘ఇలు’ అన్న మాటలో చివరక్షరం పైకి లేస్తే ఊరు, కిందనే ఉంటే డోలు.

ఇప్పుడు ఒక ఇంగ్లిష్ ట్యూను తెచ్చి ఈ మాటల మీద పెట్టండి. ట్యూను తన దారిన పైకీ కిందికీ వెళుతుంది, మాటల సంగతి దానికి పట్టదు. భర్త అన్న చోట పార వినిపిస్తుంది, ఊరు అన్న చోట డోలు వినిపిస్తుంది. కొన్ని చోట్ల అసలు ఏ మాటా కాని శబ్దం మిగులుతుంది. పుస్తకం చేతిలో ఉన్నవాడికి అర్థం అవుతుంది. చదువురాక వెనక బెంచీలో కూర్చున్న అవ్వకి అది అర్థం లేని చప్పుడు. దేవుడి మాట సొంత భాషలోనే వింటోంది, కానీ సొంత భాషలా వినిపించడం లేదు.

కుటి గారూ, ఆ కాలపు మరికొందరూ చేసిన పని ఏమిటంటే, మాట ఎటు కదిలితే రాగాన్ని అటే నడిపించారు. మాట లేస్తే స్వరం లేస్తుంది, మాట దిగితే స్వరం దిగుతుంది. అవి యొరుబావాళ్లు పొలంలో, పండగల్లో పాడుకునే వరసలకు దగ్గరగా ఉంటాయి. లక్కపళ్లెం గారు విన్న ఆ పాటలో మాట్లాడుతున్నట్టే ఉండే తీరు గమనించారా? దానికి కారణం ఇదే.

తర్వాత లేగోస్ కెథీడ్రల్‌లో యాభై ఏళ్లకు దగ్గరగా ఆర్గనిస్టుగా ఉన్న టి.కె.ఎకుండయో ఫిలిప్స్ ఈ సూత్రాన్ని శాస్త్రంగా రాసి 1953లో పుస్తకం వేశారు. కుటి గారు దాన్ని పాడి చూపించారు.

ఆల్టో గుంటూరు

భాషాపిపాసి గారూ, మీ పోస్టు చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. మా సంఘంలో క్వయర్ చూసుకునేది నేనే. ఈ బాధ మాకూ ఉంది, ఇన్నాళ్లూ దానికి పేరు పెట్టలేకపోయాను.

తెలుగుకి స్థాయి లేదు, నిజమే. కానీ మనకి హ్రస్వం, దీర్ఘం ఉన్నాయి. ఇంగ్లిష్ ట్యూనులో పొడుగు స్వరం ఎక్కడ పడితే అక్కడ మన పొట్టి అక్షరం సాగిపోతుంది. ‘కలము’ అన్నది ‘కాలము’ అవుతుంది. మేం ప్రతి నెలా సంస్కారం (ప్రభు భోజనం) రోజున పాడే తర్జుమా పాట ఒకటుంది. అందులో దేవుడు ‘నన్ను విడువడు’ అని వస్తుంది. పొడుగు స్వరం సరిగ్గా ‘వ’ మీద పడుతుంది. ‘నన్ను విడువాడు’ అని వినిపిస్తుంది. ఎప్పటికీ వదలని దేవుణ్ని, వదిలేసేవాడని పాడుతున్నాం! పదేళ్లుగా పాడుతున్నాం. ఒకసారి సండే స్కూల్ పాప అడిగింది, ‘ఆంటీ, దేవుడు ఎందుకు విడుస్తాడు?’ అని. పుస్తకం తెరిచి చూపించి సర్దిచెప్పాను గానీ లోపల చివుక్కుమంది.

హార్మోనియం మాస్టారు

అమ్మా ఆల్టో, నీ బాధ అర్థమైంది. కానీ ఒక మాట. కీర్తనల్లో మనం హ్రస్వాన్ని సాగదీయమా? త్యాగరాజస్వామి కృతుల దగ్గర్నుంచి మన భజనల దాకా ఆలాపన వచ్చిన ప్రతిచోటా పొట్టి అక్షరం సాగుతూనే ఉంటుంది. దాన్ని ఎవరూ తప్పు పట్టరు. మరి ఇంగ్లిష్ ట్యూను ఒక్కదాన్నే ఎందుకు అనాలి?

భాషాపిపాసి

మాస్టారూ, న్యాయమైన ప్రశ్న. నాకు తోచింది చెబుతాను. కీర్తనలో మొదటిసారి మాటని మాటలా పలికించి, వినేవాడి చెవిలో వేసి, ఆ తర్వాతే సంగతులు, అంటే అదే లైనుకి కొత్త మలుపులు, వేస్తారు. అప్పటికే మాట తెలిసిపోయింది కాబట్టి సాగినా చెడదు. ట్యూనుకి కొలిచి కోసిన తర్జుమాలో ఆ మొదటిసారి అన్నదే ఉండదు. ఎత్తుకోవడమే వంకరగా ఎత్తుకుంటాం. అయితే మన నష్టం, యొరుబా నష్టం ఒక్కటి కావు. మనకి ఎక్కడో ఒక మాట తేడా కొడుతుంది, సందర్భం చూసి సరిచేసుకుంటాం. వాళ్లకి పాట పాటంతా పోయేది.

పాస్టర్‌గారబ్బాయి

అందుకే పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు ఇన్నేళ్లు నిలిచాయేమో. 19వ శతాబ్దంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, పాస్టరు పనీ చేస్తూ, మన రాగాల్లో, మన తాళాల్లో క్రీస్తు మీద పదాలు కట్టారు. చదువు లేని మా నానమ్మకి ఆయనవి పదో పదిహేనో నోటికొచ్చు. తర్జుమా పాటల్లో ఒక్కటీ పూర్తిగా రాదు. కుటి గారిని అబెయొకుటాలో ఎందుకు మరిచిపోలేదో మా నానమ్మని చూస్తే తెలుస్తుంది.

ఆఫ్రోబీట్ అభిమాని

ఇంకో వైపు కూడా చెప్పుకోవాలి. ఫెలాకి ఈ వారసత్వం మీద చాలా కోపం ఉండేది. రాన్సమ్ అన్నది తెల్లవాళ్ల నుంచి వచ్చిన పేరని 1970ల్లో తీసేసి అనికులాపొ అని పెట్టుకున్నాడు. చావుని తన సంచిలో పెట్టుకు తిరిగేవాడు అని అర్థం. బయటినుంచి వచ్చిన దేవుళ్ల పేరు చెప్పి పేదవాణ్ని ఓర్చుకోమంటున్నారని 1978లో పాటే కట్టాడు. అంతకు ముందు ఏడాదే సైనికులు అతని ఇంటి మీద పడి ముసలి తల్లిని పై అంతస్తు కిటికీలోంచి తోసేశారు. ఆ దెబ్బలతోనే ఆమె మరుసటి ఏడాది కన్నుమూసింది. ఆ కోపాన్ని నేను తప్పు పట్టలేను.

అయినా పాట విన్నప్పుడల్లా నాకు అనిపించేది వేరు. ఫెలా ఒక వాక్యం అంటాడు, వెనక ఆడవాళ్ల బృందం జవాబిస్తుంది. మాట ఎలా కదులుతుందో ట్యూను అలాగే కదులుతుంది. తాతగారు చర్చిలో ఏ దారి పట్టారో, మనవడు నైట్ క్లబ్బులో అదే దారి పట్టాడు. పేరు వదిలేశాడు గానీ ఆ పట్టు వదల్లేదు.

స్వరలిపి

కొత్త సభ్యురాలిని, ఇదే మొదటి పోస్టు. ఈయనే రికార్డు ఆల్బమ్ చేసిన మొదటి నైజీరియన్ అని చాలాచోట్ల చదివాను. నిజమేనా?

లక్కపళ్లెం

స్వాగతం స్వరలిపి గారూ. నేనూ చదివాను. ఆల్బమ్ అన్న మాట ఆ కాలానికి అతకదండీ. అప్పట్లో ప్లేటుకి రెండు వైపులా ఒక్కో పాట, విడివిడిగా అమ్మేవారు. మొదటివాడా కాదా అన్న పందెంలోకి నేను దిగను. పశ్చిమాఫ్రికా భాషల్లో రికార్డులు ఇంకా పుంజుకోకముందే, ఒకే పాస్టరు నోట ఒకే భాషలో 43 పాటలు అన్నది చాలు నాకు.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. నా పేరు లక్కపళ్లెం అని ఎందుకు పెట్టుకున్నానో ఇక్కడ చాలామందికి తెలియదు. ఆ కాలపు ప్లేట్లు షెల్లాక్‌తో చేసేవారు. షెల్లాక్ అంటే లక్క. ప్రపంచంలో లక్క ఎక్కువగా దొరికేది మన దేశంలోనే. ఛోటా నాగపూర్ అడవుల్లో మోదుగ చెట్ల కొమ్మల మీద పురుగు కట్టిన లక్కని గిరిజనులు గీకి తెచ్చేవారు. అది కలకత్తా మీదుగా ఇంగ్లాండు ఫ్యాక్టరీలకు వెళ్లేది. అదే గ్రామఫోన్ కంపెనీ కలకత్తాలో పెట్టిన ఫ్యాక్టరీలో మన తెలుగు పద్యాలూ అచ్చయ్యాయి. ప్లేటుని వేలితో తడిమినప్పుడు నాకు ఆ అడవే గుర్తొస్తుంది.

హార్మోనియం మాస్టారు

వేరే చర్చిల సంగతేమిటి? మన దగ్గర సంఘాల్లో తబలా కూడదు, డప్పు అసలే కూడదు అన్న గొడవలు నా కళ్లారా చూశాను. డప్పు వాయించే చేతులు బాప్తిస్మం తీసుకుంటే డప్పు బయట పెట్టి రమ్మన్నారు. అక్కడా అంతేనా?

లేగోస్‌లో తెలుగోడు

మాస్టారూ, అక్కడా అదే గొడవ. మాట్లాడే డోలు అని ఉంటుంది, చంకలో పెట్టుకుని తాళ్లు నొక్కుతూ వంకర పుల్లతో కొడతారు. నొక్కే కొద్దీ స్థాయి మారుతుంది. భాషాపిపాసి గారు చెప్పిన మూడు స్థాయిలూ దానిలో పలుకుతాయి, అందుకే అది నిజంగానే మాట్లాడుతుంది. పెళ్లిలో అతిథి పేరు పెట్టి పిలుస్తుంది, నన్నే పిలిచింది ఒకసారి. పాత దేవుళ్ల స్తుతులు కూడా అదే పలుకుతుంది కాబట్టి మిషన్ చర్చిలు దాన్ని చాలాకాలం గుమ్మం బయటే ఉంచాయి.

మిషన్ వాళ్ల ఇలాంటి పెత్తనం భరించలేక కొందరు 1880ల నుంచే విడిపోయి సొంత ఆఫ్రికన్ చర్చిలు పెట్టుకున్నారు. తర్వాత అలాదురా అనే ప్రార్థనా సంఘాలు వచ్చాయి, తెల్ల అంగీలు, డోళ్లు, చప్పట్లు. 1930 జూలైలో జోసెఫ్ బబలోలా ఇలెషాలో మొదలుపెట్టిన కూటాలకి జనం విరగబడ్డారు. కుటి గారు సరిగ్గా ఆ సెప్టెంబరులోనే పోయారు. ఆయన మాత్రం విడిపోలేదు. ఆంగ్లికన్ కాలరు మెడలో ఉండగానే యొరుబా వరస పాడారు. నాకు ఆయనలో నచ్చింది అదే. బయటికి వెళ్లి పాడుకోవడం కంటే లోపల ఉండి పాడటం కష్టం.

ఇప్పుడు లేగోస్‌లో ఏ చర్చికెళ్లినా డోలు ఉంది. ట్రంపెట్ వాయించే పాస్టర్ నథానియల్ బస్సీ 2017లో అర్ధరాత్రి ఇన్‌స్టాగ్రామ్‌లో మొదలుపెట్టిన స్తుతి ఆరాధనకి వేలమంది ఫోన్లు పట్టుకు కూర్చుంటున్నారు. మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌తో సహా.

స్వరలిపి

ఒక డౌటు. పాత ప్లేట్ల వేగం సరిగా ఉండేది కాదంటారు కదా. కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు వేగం మారితే స్థాయి మారుతుంది. స్థాయి మారితే యొరుబాలో మాటే మారుతుంది అన్నారు. మరి మనం ఇప్పుడు వింటున్నది ఆయన పాడిన మాటలేనా?

లక్కపళ్లెం

మంచి ప్రశ్న వేశారు. నిమిషానికి 78 చుట్లు అని అంటాం గానీ ఆ రోజుల్లో ప్లేట్లు కాస్త అటూ ఇటూగా తిరిగేవి. వేగం పెరిగితే ముసలాయన గొంతు కుర్రవాడి గొంతులా, తగ్గితే ఇంకా బరువుగా వినిపిస్తుంది. కాబట్టి గొంతు ఇదేనా అంటే ఖాయంగా చెప్పలేను. మాటల సంగతి భాషాపిపాసి గారే చెప్పాలి.

భాషాపిపాసి

మాటకేం కాదు. యొరుబాలో లెక్క పక్కక్షరంతో పోలికే. మగవాడి పై స్థాయి ఆడపిల్ల కింది స్థాయికంటే కిందనే ఉండొచ్చు, అయినా ఒకరి మాట ఒకరికి తెలుస్తుంది. వేగం మారితే అన్ని అక్షరాలూ కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి. వాటి మధ్య తేడా అలాగే ఉంటుంది.

లేగోస్‌లో తెలుగోడు

ఇది నేను పరీక్షించాను. నిన్న మా ఆఫీసులో అబెయొకుటా పెద్దావిడ ఉంటే ఫోన్లో పాట పెట్టాను, గరగరతో సహా. లిరిక్స్ ఏమీ చూపించలేదు. రెండో లైనుకే ఆవిడ నోటితో అందుకున్నారు. పాట అయ్యాక ‘మా అమ్మ ఇది బట్టలు ఉతుకుతూ పాడేది’ అన్నారు. ఎవరు పాడారో తెలుసా అంటే తెలియదన్నారు. చెప్పాను.

ఆల్టో గుంటూరు

రెండు వారాల తర్వాత రాస్తున్నాను, క్షమించండి.

ఈ దారమంతా ప్రింటు తీసి మా పాస్టర్ అయ్యగారికి చూపించాను. సంస్కారం పాట ట్యూను ముట్టుకుంటే పెద్దవాళ్లు ఒప్పుకోరేమోనని ఆయనకి టెన్షన్. ట్యూను మార్చం, ఒక్క స్వరం జరుపుతాం అన్నాను. శనివారం ప్రాక్టీసులో మా తబలా తాత ఆ లైను పదిసార్లు వేయించారు. ‘వ’ దగ్గర ఆగకుండా దాటి, ఆ పొడుగంతా చివరి ‘డు’ మీద పెట్టమన్నారు. పై గొంతు పాడే సోప్రానో పిల్లలకి పాత అలవాటు పోక మొదట తడబడ్డారు.

ఆదివారం పాడాం. నన్ను విడువడూ అని వచ్చింది. నాలుగో బెంచీలో ఆ సండే స్కూల్ పాప ఇప్పుడు తొమ్మిదో క్లాసు. తల తిప్పి నా వైపు చూసింది.

హార్మోనియం మాస్టారు

తల్లీ, ఆ లైను స్వరాలు రాసి పంపు. వచ్చే సంస్కారానికి మా సంఘంలోనూ అలాగే పాడిస్తాను.